ఉపకార వేతనము

పూర్వము ఆంధ్రదేశమున పేదయింటి పిల్లవాడు చదువుకై పట్టణమునకు వచ్చినచో వారములు చేసికొని చదువుకొనెడివాడు. వారమునకు దినములు ఏడు; కావున అతడు ఏడు ఇండ్లవారిని ఆశ్రయించెడివాడు. ఆదివారమొక యింట, సోమవారమొక యింట, ఇట్లు దినమునకొక యింట అతనికి భోజనము లభించెడిది. రాత్రివేళ ఏ వీధి అరుగు మీదనో పండుకొని, వేకువనే లేచి పాఠము వల్లించెడివాడు. ఆ విధముగ చదివి పండితులుగను, న్యాయవాదులుగను, ఉపాధ్యాయులుగను పేరుగాంచినవారు మనలో పెక్కురు కలరు. అన్నము పెట్టిన తల్లులను వారు జీవితాంతము స్మరించిరి.

ఐనను ఆ యేర్పాటున రెండు లోపములుండెను. మొదటిది: ఇల్లాలు పుట్టింటికి వెళ్లినను, ఆ యింట అశౌచము వచ్చినను పిల్లవానికి ఆనాడు పస్తే. యజమానికి బదిలీ యైనచో ఆ వారము శాశ్వతముగ పోయినట్లే. దాత యున్నంతవరకే దానము. రెండవది ఇంతకంటె పెద్దది. గడప దాటనీయని కులముల బాలురకు ఆ వారములును లేవు. వారెంత బుద్ధిమంతులైనను పిలిచి పంక్తిని కూర్చుండబెట్టువారు లేరైరి. దయగలవారు ఊరూర నున్నను, ఆ దయ చేరని వాడలు మిగిలియే యుండెను.

ఈ లోపములు ఆంధ్రదేశమునకే పరిమితములు కావు, దేశమంతట నున్నవే. మహారాష్ట్రమున ఒక బాలుడు ఈ రెండింటిని తన జీవితముననే చవిచూచెను. పెరిగి పెద్దవాడై, తనకు అధికారము చేతికి వచ్చిననాడు వాటికి విరుగుడు కనిపెట్టెను. ఆయనయే భీమరావు రాంజీ అంబేడ్కరు.

భీమరావు 1891 ఏప్రిల్ 14వ తేదీన మధ్యభారతమునందలి మహూ అను సైనిక స్థావరమున జన్మించెను. తండ్రి రాంజీ సైన్యమున సుబేదారుగా పనిచేసినవాడు. వారిది సంఘము అస్పృశ్యులని వెలిగా నుంచిన మహర్ కులము. పాఠశాలలో భీమరావు తాను ఇంటినుండి తెచ్చుకొనిన గోనెపట్టా మీద వేరుగా కూర్చుండవలసి వచ్చెను. దప్పిక యైనచో కుళాయిని తాను ముట్టరాదు. నౌకరు వచ్చి త్రిప్పిననే నీరు. నౌకరు లేనినాడు నీరును లేదు.

రాంజీకి పింఛను స్వల్పము, చదువుమీద ఆశ అధికము. కుటుంబము బొంబాయి చేరి, పరేలు ప్రాంతమున ఒకే గదిలో కాపురముండెను. ఇరుకు గదిలో పగలు చదువు సాగదని తండ్రి కొడుకును పెందలకడనే పండుకొనబెట్టి, రాత్రి రెండు గంటలకు లేపి చదివించెడివాడు. క్రొత్త పుస్తకము కావలసి వచ్చినచో పెండ్లియైన కూతుండ్రకడకు పోయి వారి నగ యడిగి తెచ్చి కుదువబెట్టి, పింఛను అందిన పిమ్మట విడిపించి ఇచ్చెడివాడు. ఆ కుటుంబమున చదువునకు పూనిన ధనమంతయు అట్టిదే.

1907లో భీమరావు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. ఆ కులమువారికి అది పండుగయే యయ్యెను. అభినందన సభ యొకటి జరిగెను. కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అను ఉపాధ్యాయుడు ఆ సభలో తాను వ్రాసిన బుద్ధుని చరిత్రను బాలునకు కానుకగా నిచ్చెను. భీమరావు ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చేరెను. కాని ఇంటర్మీడియెట్ ముగియుసరికి తండ్రి శక్తి యుడిగెను. కుదువబెట్టుటకు నగలు సరిపోవు, అప్పు పుట్టదు. అపుడు కేలూస్కర్ ఆ విద్యార్థిని బరోడా మహారాజగు మూడవ సయాజీరావు గైక్వాడు సముఖమునకు కొనిపోయెను.

సయాజీరావు పల్లెటూరి రైతుబిడ్డ. పండ్రెండేండ్ల వయసున రాజకుటుంబమునకు దత్తుడై వచ్చినవాడు. చదువు లేని బాల్యము ఎట్టిదో ఆయన ఎరుగును. 1906లో తన సంస్థానమంతట నిర్బంధ ప్రాథమిక విద్యను అమలుపరచిన ప్రభువాయన. ఆయన భీమరావును కొన్ని ప్రశ్నలడిగెను. సమాధానములు విని సంతుష్టుడై నెలకు 25 రూపాయల వేతనము మంజూరు చేసెను. ఆ ధనముతో భీమరావు 1912లో బి.ఏ. ముగించెను.

మరుసటి సంవత్సరము తండ్రి మరణించెను. ఆ 1913లోనే మహారాజు భీమరావును అమెరికాకు పంప నిశ్చయించెను. నెలకు 11½ పౌనుల చొప్పున మూడు సంవత్సరముల వేతనము; చదువు ముగిసిన పిదప పది సంవత్సరములు సంస్థానమున కొలువు చేయవలెనని ఒడంబడిక. భీమరావు న్యూయార్కు నగరమున కొలంబియా విశ్వవిద్యాలయమున చేరెను. వచ్చిన ధనములో కొంత ఇంటికి పంపవలెను. మిగిలినదానితో తాను బ్రదుకవలెను. వినోదములకు పోక, తిండి తగ్గించుకొని, మిగిల్చిన పైకముతో పాత పుస్తకములు కొనెడివాడు. అర్థశాస్త్రము, సమాజశాస్త్రము, చరిత్ర దీక్షతో చదివి 1915లో ఎం.ఏ. పట్టము పొందెను. 1916లో లండను చేరి, అచటి అర్థశాస్త్ర విద్యాలయమున ఉన్నత పరిశోధన ఆరంభించెను.

ఆ పరిశోధన మధ్యలోనే పిడుగువంటి వార్త వచ్చెను. వేతనమునకు గడువు తీరినదనియు, వెంటనే తిరిగి రావలెననియు బరోడా నుండి కబురు! అతని బుద్ధి తరుగలేదు, శ్రద్ధ సడలలేదు, ధనమొక్కటే తీరిపోయెను. నాలుగేండ్లలోగా తిరిగివచ్చి చదువు కొనసాగించుటకు విశ్వవిద్యాలయమువారి అనుమతి పొంది, 1917లో భీమరావు స్వదేశమునకు బయలుదేరెను. ప్రథమ ప్రపంచ యుద్ధము సాగుచున్న కాలమది. ఆయన సామానును వేరొక ఓడలో పంపగా, ఆ ఓడ శత్రువుల దెబ్బకు సముద్రమున మునిగిపోయెను.

ఒడంబడిక ప్రకారము బరోడా కొలువునకు పోగా, అచట అద్దెకు ఇల్లిచ్చువారు లేరైరి. కచ్చేరిలో నౌకర్లు కాగితములను చేతికందీయక దూరమునుండి విసరిరి. కొలంబియాలో పట్టము పొందిన పండితుడు చెట్టుక్రింద కూర్చుండి కన్నీరు కార్చెను. కొలువు విడిచి బొంబాయి చేరి, 1918లో సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడై, జీతములో కొంత కొంత కూడబెట్టెను. ఆ సొమ్మునకు కొల్హాపురము ప్రభువు సాహు మహారాజు సాయమును, ఒక పార్సీ మిత్రుడిచ్చిన అప్పును తోడుకాగా 1920లో మరల లండను చేరెను. 1923లో డి.ఎస్‌సి. పట్టము పొందెను. ధనలోపముచే ఆగిన చదువు మరల కదలుటకే మూడేండ్లు పట్టెను!

ఇచట ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. సయాజీరావు ఉదారుడు; సందేహము లేదు. ఆయన సాయము లేనిచో అంబేడ్కరు చదువు ఇంటర్మీడియెట్‌తోనే ముగిసియుండెడిది. కాని ఆ సాయము ఒక ఉపాధ్యాయుడు చేయి పట్టుకొని తీసికొనిపోయినందున, ఒక ప్రభువు ఆ నాడు ప్రసన్నుడైనందున లభించినది. కేలూస్కర్ వంటి గురువు దొరకని బాలుర మాట యేమి? మహారాజు కంటబడని ఊళ్ల మాట యేమి? ఒక్కడు గట్టెక్కినాడని సంతోషించుట సులభము. గట్టుననే నిలిచిపోయినవారిని లెక్కించుట కష్టము. అంబేడ్కరు ఆ లెక్కను మరువలేదు.

1942 జూలైలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మికశాఖ సభ్యుడయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే షెడ్యూల్డు కులముల కష్టములను వివరించుచు వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువునకు ఒక విజ్ఞాపన పత్రము సమర్పించెను. శాస్త్ర, సాంకేతిక విద్యలు మిక్కిలి ఖర్చుతో కూడినవి. ప్రభుత్వపు సాయము లేనిదే ఆ కులముల బిడ్డలు వాటి వాకిలి త్రొక్కజాలరు. కావున ఆ చదువులకును, విదేశ విద్యకును వేతనము లీయవలెనని అందు కోరెను. ప్రభుత్వము అంగీకరించి ఏటేట 3 లక్షల రూపాయలు కేటాయించెను. ఆ విధముగ మెట్రిక్ అనంతర ఉపకార వేతన పథకము 1944లో ఆరంభమయ్యెను. 1948–49లో షెడ్యూల్డు తెగల విద్యార్థులకును, 1949–50లో ఇతర వెనుకబడిన తరగతులవారికిని అది విస్తరించెను.

ఒకనాడు నెలకు 25 రూపాయల వేతనముతో చదివిన విద్యార్థి, వేలమందికి వేతనము లభించు మార్గము తెరచెను. ఒక ప్రభువు చేతినుండి వచ్చినది అపుడు ప్రభుత్వ ధనాగారమునుండి వచ్చెను. దయగా వచ్చినది నియమముగా మారెను.

ఈ నియమమెట్టిదో తెలిసికొనవలెను. విద్యార్థులకిచ్చు వేతనములు రెండు విధములు. పరీక్షలో ప్రథముడుగా వచ్చినవానికి ఇచ్చునది ప్రతిభా వేతనము. అది బహుమానము వంటిది. ధనికుని బిడ్డయు దానిని గెలువవచ్చును. చదువుటకు అర్హత యుండియు, ఖర్చు భరింపలేనివానికి ఇచ్చునది ఉపకార వేతనము. మొదటిదానికి కొలత మార్కులు. రెండవదానికి కొలత లేమి. ఒక సంవత్సరపు చదువునకు 60,000 రూపాయలు కావలెననుకొందము. కుటుంబము 20,000 మాత్రమే పెట్టగలిగినచో లోటు 40,000. ఆ లోటును పూడ్చుటయే ఉపకార వేతనపు ఆదర్శము. ఇది అప్పు కాదు. తిరిగి చెల్లింప నక్కరలేదు.

లేమిని కొలుచు పద్ధతి అన్ని దేశములందు ఒక్కటి కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1972లో చట్టముచే ఏర్పడి, 1980 నుండి సెనేటరు క్లైబోర్న్ పెల్ పేర పిలువబడుచున్న గ్రాంటు కలదు. అచట కుటుంబపు ఆదాయమును, సభ్యుల సంఖ్యను పరిశీలించి, లేమి అధికమైనకొలది ఎక్కువ ధన మిత్తురు. మన దేశమున ఆదాయమునకు ఒక హద్దు పెట్టుదురు. షెడ్యూల్డు కులముల మెట్రిక్ అనంతర పథకమున 2021 నాటి నియమముల ప్రకారము కుటుంబ వార్షికాదాయము 2,50,000 రూపాయలు మించరాదు. ఆదాయ, కుల ధ్రువపత్రములు చూపవలెను. తరగతికి సరిగా హాజరు కావలెను. వేతనమున రెండు భాగములుండును: బోధన రుసుములు, విద్యా భత్యము. వసతిగృహమున నుండువానికి భత్యము ఎక్కువ, ఇంటినుండి వచ్చువానికి తక్కువ.

2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ఈ పథకమునకు ఐదేండ్ల కాలమునకు 59,048 కోట్ల రూపాయల వ్యయమును ఆమోదించెను. అందు నూటికి 60 వంతులు కేంద్రము, తక్కినది రాష్ట్రములు భరించునట్లు ఏర్పాటు. నాలుగు కోట్లకు పైగా విద్యార్థులకు దీనివలన మేలు కలుగునని అంచనా వేసిరి. 3 లక్షల రూపాయలతో నాటిన మొక్క అంతటి వృక్షమైనది.

ఐనను వృక్షమునకు చీడలు లేకపోలేదు. వేతనములు వేళకు అందక, రుసుము చెల్లింపలేక విద్యార్థులు ఇక్కట్లు పడిన సందర్భములు కలవు. నాట్లు ముగిసిన పిమ్మట వచ్చిన వానవలె, పరీక్ష గడచిన తరువాత వచ్చిన వేతనము వలన ప్రయోజన మల్పము. ఆదాయము దాచి తప్పుడు పత్రములతో వేతనము పొందువారును కొందరు కలరు. అట్టివాడు ప్రభుత్వమును మోసగించితినని అనుకొనును. నిజమునకు మరియొక పేదవాని పళ్లెములోని అన్నము తీసికొనుచున్నాడు.

ఈ ధనము ఎవరిది? ఏ ప్రభువు సొంత సొమ్మును కాదు. కూలివాడు అగ్గిపెట్టె కొనినపుడు చెల్లించు పన్నుపైసయు అందు కలదు. తన బిడ్డను కళాశాలకు పంపలేకపోయిన తల్లి చెల్లించిన పన్నును అందు కలదు. కావున ఉపకార వేతనము పొందుట సిగ్గుపడవలసిన విషయము కాదు. అది భిక్ష కాదు. పొందినవాడు ఏ ఒక్క దాత యెదుటను తల వంప నక్కరలేదు. కాని ఆ చదువును వృథా చేసినచో అతడు ప్రజలందరికిని ఋణపడును. కొలంబియాలో తిండి తగ్గించుకొని పుస్తకములు కొనిన విద్యార్థి ఆ ఋణమును ఎట్లు తీర్చవలెనో చూపెను. తాను దాటిన నదికి, వెనుక వచ్చువారి కొరకు వంతెన కట్టెను.

ప్రశ్నలు

1. వారములు చేసికొని చదువుకొను పద్ధతిలోని మేలును, లోపములను వివరింపుము.

2. అంబేడ్కరు పరిశోధన 1917లో ఏల ఆగిపోయెను? దానిని ఆయన మరల ఎట్లు కొనసాగించెను?

3. ప్రతిభా వేతనమునకును ఉపకార వేతనమునకును గల భేదమేమి?

4. ‘దయగా వచ్చినది నియమముగా మారెను’ — ఈ వాక్యమును పాఠము ఆధారముగా వివరింపుము.

5. ఉపకార వేతనము వేళకు అందుట ఏల ముఖ్యము? మీ సొంత మాటలలో పది వాక్యములు వ్రాయుడు.