దిబ్బలో చెయ్యి పెట్టి చూడు

చిన్నోడికి,

నీ ఉత్తరం నిన్న అందింది. ఎరువు చేద్దామని రెండు కిలోల ఎర్రలు తెచ్చి తొట్టిలో వదిలితే మూడో రోజుకే సగం గోడలెక్కి పోయాయని, మిగిలినవి చచ్చాయని, అమ్మినవాడు మోసం చేశాడని రాశావు. రాత్రంతా నాకు అదే ఆలోచన. నాయనా, తప్పు ఎర్రలది కాదు. పొద్దున ఎత్తిన పేడ పొద్దున్నే పోశానని నువ్వే రాశావు కదా!

పచ్చిపేడ మగ్గేటప్పుడు కాగుతుంది. 35 డిగ్రీలు దాటితేనే ఆ జీవాలు తాళలేవు, దిబ్బ లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. నీడలో పోసి, నీళ్ళు చిలకరించి, తిరగేస్తూ 15, 20 రోజులు ఆగాలి. ఆ తర్వాత కూడా రోజుల లెక్కను నమ్మొద్దు. మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడు. చల్లగా తగిలితేనే ఎర్రలు వదులు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, జాలారి పక్కన నేనే నాటిన టమోటా మొక్కలు త్వరగా కాయాలని మొదళ్ళలో పచ్చిపేడ కుప్పేశాను. నాలుగు రోజుల్లో మొక్కలన్నీ వాడిపోయాయి. ఏడుస్తుంటే మీ తాత ఒక్క మాట అనలేదు. ధనుర్మాసం చలి, దిబ్బ మీద ఆవిరి లేస్తోంది. నా చెయ్యి పట్టుకుని అందులో పెట్టించాడు. ఆ వేడి ఇప్పటికీ నా అరచేతిలో ఉంది. నీకూ ఆయన చేతులే వచ్చాయిరా, పొడుగాటి వేళ్ళు. చేలో ఎండకు తలగుడ్డ చుట్టుకుంటున్నావా? వేళకు తింటున్నావా?

తొట్టి కానుగచెట్టు కింద పెట్టు, తడి గోనెపట్టా కప్పు, కోళ్ళను రానివ్వకు. రెండు నెలల్లో పైన టీపొడిలాంటి ఎరువు తేలుతుంది. నాలుగు రోజులు నీళ్ళు ఆపితే ఎర్రలు కిందికి దిగుతాయి, అప్పుడు పైపైన తీసుకో. టమోటా నాటేటప్పుడు గుంతకు రెండు పిడికిళ్ళు, పూతప్పుడు మళ్ళీ రెండు. మొదలుకు ఆనించకుండా చుట్టూ వేసి, మట్టి కప్పి తడిపెట్టు. కాయ అడుగున నల్లమచ్చ వస్తే మాత్రం ఎరువును తిట్టకు. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచేస్తే కాయకు సున్నం సరిగా అందదు, అందుకే ఆ మచ్చ.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో 100 రూపాయలు దాటి పలికిందని ఆశపడి అప్పు చేయొద్దు. కాయలు రోడ్డు మీద పారబోసిన రోజులు నువ్వూ చూశావు. ధర మన చేతిలో లేదు, ఖర్చు ఉంది. ఇంట్లో రెండావులుండగా ఎరువు కొనడమెందుకు?

చచ్చిన ఎర్రల గురించి దిగులుపడకు. మా తొట్టిలోవి కిలో ఇస్తాను, ఆదివారం వచ్చి తీసుకుపో. నీకిష్టమని ఉలవచారు కాస్తాను. వచ్చేలోగా దిబ్బలో చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉందో వెచ్చగా ఉందో నాకు ఫోను చెయ్యి.

మీ అత్త