పాఠం 14: గాలి ఊది చేసే సీసాలు

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• బ్లో మోల్డింగ్ పద్ధతిని దశలవారీగా వివరించగలుగుతారు.
• సీసాను చూసి అది ఎలా తయారైందో చెప్పగలుగుతారు.
• యంత్రం దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు తెలుసుకుంటారు.

14.1 పరిచయం
మీ ఇంట్లో ఉన్న షాంపూ సీసాను చేతిలోకి తీసుకోండి. మూతి సన్నం, పొట్ట వెడల్పు, లోపలంతా ఖాళీ. లోపల మరో అచ్చు పెట్టి పోతపోస్తే, ఆ అచ్చు సన్నని మూతిలోంచి బయటికి రాదు. అందుకే ఇలాంటి సీసాలను బుడగ ఊదినట్లు గాలితో ఊది చేస్తారు. ఇదే బ్లో మోల్డింగ్.

14.2 ముడిసరుకు
గుజరాత్‌లోని సూరత్ అనగానే మనకు చీరలు గుర్తుకొస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన నేత కుటుంబాలెన్నో అక్కడ మరమగ్గాలపై బతుకుతున్నాయి. సూరత్ దగ్గరి హజీరాలో ప్లాస్టిక్ గుళికలు తయారుచేసే పెద్ద కర్మాగారం ఉంది. చీరల్లో వాడే పాలియెస్టర్, నీళ్ల సీసాల్లో వాడే పెట్ ప్లాస్టిక్ ఒకే రసాయన పదార్థం. షాంపూ, లోషన్ సీసాలకు మాత్రం ఎక్కువగా హెచ్.డి.పి.ఇ. అనే గట్టిరకం పాలిథీన్ వాడతారు. ఇది సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది.

14.3 తయారీ దశలు
1. కరిగించడం: గుళికలను, రంగును యంత్రంలో పోస్తారు. వేడి గొట్టంలో తిరిగే మర వాటిని కరిగించి ముందుకు తోస్తుంది. అక్కడి వేడి సుమారు 180 నుంచి 200 డిగ్రీలు.
2. గొట్టం దించడం: కరిగిన ప్లాస్టిక్ మెత్తని గొట్టంలా కిందికి దిగుతుంది. దీన్ని పారిసన్ అంటారు.
3. అచ్చు మూయడం: అచ్చు రెండు సగాలు పారిసన్‌పై మూసుకుని, దాని అడుగును నొక్కి అతికిస్తాయి.
4. ఊదడం: లోపలికి గాలి పంపగానే ప్లాస్టిక్ ఉబ్బి అచ్చు గోడలకు అంటుకుంటుంది.
5. చల్లార్చడం: అచ్చులోని దారుల గుండా చల్లని నీరు పారుతుంది. సీసా గట్టిపడుతుంది.
6. కత్తిరించడం: అంచుల్లో మిగిలిన తుక్కును కోసి, పొడిచేసి, కొత్త గుళికలతో కలిపి మళ్లీ వాడతారు.

ప్లాస్టిక్ ఎక్కువగా సాగేది మూలల దగ్గర. అందుకే అక్కడ గోడ పలచబడుతుంది. మరీ పలచబడితే సీసా అక్కడే పగులుతుంది.

14.4 జాగ్రత్తలు
అచ్చు సగాలు ఎంతో బలంగా మూసుకుంటాయి. మధ్యలో చేయి పడితే నలిగిపోతుంది. యంత్రానికి ఉన్న రక్షణ తలుపు అందుకే. తలుపు తెరిస్తే యంత్రం ఆగాలి. పని త్వరగా సాగుతుందని ఆ స్విచ్చిని కట్టివేయమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. వేడి ప్లాస్టిక్ చర్మానికి అతుక్కుంటుంది. లాగితే చర్మం ఊడుతుంది. వెంటనే చల్లని నీరు పోసి, ఆసుపత్రికి వెళ్లాలి.

14.5 చేసి చూడండి
షాంపూ సీసా అడుగును చూడండి. మధ్యలో అడ్డంగా ఒక గీత కనిపిస్తుందా? అది పారిసన్ అతికిన చోటు. నీళ్ల సీసా అడుగున గీతకు బదులు చిన్న చుక్క ఉంటుంది. దాన్ని ముందుగా పోతపోసిన చిన్న గొట్టం నుంచి సాగదీసి ఊదుతారు. త్రికోణంలో 2 ఉంటే హెచ్.డి.పి.ఇ., 1 ఉంటే పెట్.

పాఠ్యగత ప్రశ్నలు
1. పారిసన్ అంటే ఏమిటి?
2. సీసా మూలలు ఎందుకు పలచబడతాయి?
3. రక్షణ తలుపు స్విచ్చిని ఎందుకు కట్టివేయకూడదు?

జవాబులు
1. కరిగిన ప్లాస్టిక్ గొట్టం.
2. ప్లాస్టిక్ అక్కడ ఎక్కువగా సాగడం వల్ల.
3. తలుపు తెరిచినా యంత్రం ఆగదు. చేయి నలిగే ప్రమాదం ఉంది.