సాదా అక్షరాల వెనుక ఒడంబడిక

బొమ్మలు, రంగులు, అక్షరాల పరిమాణం వంటి అలంకారాలు లేక, అక్షరాలు మాత్రమే గల ఫైలును ప్లెయిన్ టెక్స్ట్ ఫైలు అంటారు. ఇది అతి సామాన్యమైన విషయమని తోచవచ్చును. కాని కంప్యూటరుకు అక్షరజ్ఞానం లేదు. దానికి తెలిసినవి సంఖ్యలే. ఏ సంఖ్య ఏ అక్షరమో నిర్ణయించేది మనుషుల మధ్య కుదిరిన ఒడంబడిక మాత్రమే.

1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో 128 స్థానాలు కలవు. టెలిప్రింటరులో అచ్చువేసే భాగాన్ని ఎడమ అంచుకు తెచ్చే సంకేతం 13. కాగితాన్ని ఒక వరుస జరిపే సంకేతం 10. ఆ యంత్రాలు పోయినా ఈ సంకేతాలు పంక్తి ముగింపు గుర్తులుగా నిలిచాయి. అయితే ఆపరేటింగ్ సిస్టమ్‌లు వీటిని మూడు విధాలుగా స్వీకరించాయి. యూనిక్స్ 10ని మాత్రమే ఉంచుకున్నది. 1981లో వచ్చిన ఎం.ఎస్.డాస్, తరువాతి విండోస్ రెండింటినీ వరుసగా వాడాయి. 1984 నాటి మాకింటోష్ 13తో సరిపెట్టుకొని, 2001లో యూనిక్స్ పద్ధతికి మారింది. అందువల్లనే యూనిక్స్‌లో వ్రాసిన ఫైలును విండోస్ నోట్‌పాడ్‌లో తెరిస్తే, 2018 వరకు, పంక్తులన్నీ ఒకదానికొకటి అతుక్కొని కనిపించేవి.

ఇక మన భాషల సంగతి. ఆస్కీలో తెలుగుకు గాని, ఉర్దూకు గాని చోటు లేదు. అందుచేత పూర్వపు తెలుగు ఫాంటులు కొన్ని ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు రూపాలను తొడిగాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో ఎంత చక్కని తెలుగు వ్యాసమైనా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల కుప్పగా కనిపిస్తుంది. ఫైలు చెడలేదు, ఒడంబడిక తప్పింది.

1991లో వెలువడిన యూనికోడ్ ఈ కొరత తీర్చి, ప్రతి లిపికీ సొంత సంఖ్యలను కేటాయించింది. వాటిని ఫైలులో బైట్లుగా వ్రాసే యు.టి.ఎఫ్-8 పద్ధతి 1992లో రూపొందింది. 'అమ్మ' అన్న మాట కంటికి రెండక్షరాలే. ఫైలులో మాత్రం అ, మ, పొల్లు, మ అనే నాలుగు సంకేతాలు; ఒక్కొక్కటి 3 బైట్ల చొప్పున 12 బైట్లు. ఉర్దూ అలిఫ్‌కు 2 బైట్లు చాలును. ఎడమ నుండి నడిచే తెలుగు, కుడి నుండి నడిచే ఉర్దూ నేడు ఒకే ఫైలులో పక్కపక్కనే ఉండగలవు.

విద్యార్థులారా, సాదా ఫైలు తాను ఏ ఒడంబడికను అనుసరిస్తున్నదో సాధారణంగా తానై చెప్పదు. అమ్మమ్మ చెప్పిన కథనైనా, నానీ చెప్పిన కహానీనైనా భద్రపరచదలచినప్పుడు యూనికోడ్‌లోనే వ్రాయండి, దాచేటప్పుడు యు.టి.ఎఫ్-8ను ఎన్నుకొనండి. వ్రాసినది రేపటివారు చదవగలిగినప్పుడే ఆ వ్రాతకు సార్థకత.