ఎంటోటో గుట్టకు పోయి రా, బిడ్డా

భువనగిరి



నీ ఉత్తరం చదివిన. వచ్చే ఆదివారం మీ డిపార్ట్‌మెంటోళ్లంతా అడిస్ అబాబా పక్కనున్న ఎంటోటో గుట్ట ఎక్కి అక్కడే కలిసి తింటరని, నువ్వు మాంసం ముట్టవు కాబట్టి ఒంట్లో బాగలేదని చెప్పి ఆగిపోదామనుకుంటున్నవని రాసినవు. ఆగకు. క్లాసులో మనం ఎంత బాగా చెప్పినా అక్కడివాళ్లకు మనం బయటి నుంచి వచ్చిన సార్లమే, మేడములమే. వాళ్లతో కలిసి గుట్ట ఎక్కి, ఒక్క పళ్లెంలో తిన్న తర్వాతనే తోటి మనుషులమైతం. ఇథియోపియాలో పాఠాలు చెప్పి వచ్చినవాణ్ని, తెలిసే చెప్తున్న.

చిన్నప్పటి నుంచి మన భువనగిరి ఖిల్లా ఎక్కినదాన్ని, నాకేం కష్టమని మాత్రం అనుకోకు. ఆ ఖిల్లా ఉన్న ఏకశిల ఎత్తు 500 అడుగుల లెక్క. అడిస్ అబాబా ఊరే సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉన్నది, ఎంటోటో 3,000 దాటుతది. అక్కడ కాళ్లకంటే ముందు ఊపిరి అలిసిపోతది. ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ బండ పట్టుడు నేర్చుకున్నది మన భువనగిరిలనే. అయినా వాళ్లను ఇక్కడి నుంచి నేరుగా ఎవరెస్టుకు పంపలేదు. డార్జిలింగ్, లద్దాఖ్ తిప్పి, చలికీ పలుచని గాలికీ అలవాటు చేసినంకనే 2014 మే 25న ఆ పిల్లలు శిఖరం మీద నిలబడ్డరు. నువ్వు పోయి నెల కూడా కాలేదు. మెల్లగ నడువు, నీళ్లు తాగు. తలనొప్పి, వాంతి మొదలైతే పట్టుదలకు పోకుండా ఎవరికన్నా చెప్పి కిందికి దిగు.

టైము సంగతి కూడా అడిగి తెలుసుకో. అక్కడ గంటలను పొద్దుపొడుపు నుంచి లెక్కిస్తరు. పొద్దున ఒంటిగంటకు బస్సు అన్నరంటే మన ఏడు గంటలకు.

దారిలో నీలగిరి కట్టెల మోపులు వీపు మీద మోసుకుంటూ దిగే ఆడవాళ్లు ఎదురుకావచ్చు. మెనెలిక్ చక్రవర్తి కాలంలో రాజధానికి వంటచెరుకు కరువై, ఆస్ట్రేలియా నుంచి ఈ చెట్లు తెప్పించి నాటిచ్చిండ్రు. ఆ ఊరి పొయ్యిలు వెలిగింది ఆ ఆడవాళ్ల వీపుల మీదనే. వాళ్లకు దారి విడువు. అడగకుండా ఫోటో తీయకు.

ఇగ తిండి. నువ్వు భయపడుతున్నది దీనికే గానీ, శాకాహారికి ఇథియోపియా అంత అనువైన దేశాలు తక్కువ. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు, ఈస్టర్‌కు ముందు 55 రోజులు, ఇంకా ఎన్నో ఉపవాసాల్లో మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ముట్టరు. దాన్ని త్సోమ్ అంటరు. 'నేను త్సోమ్ తిండే తింట' అని ముందురోజే చెప్పు, ఎవరూ వింతగ చూడరు. ఇంకో సంగతి ఉన్నది. అక్కడ క్రైస్తవులు కోసిన మాంసం ముస్లింలు తినరు, ముస్లింలు కోసింది క్రైస్తవులు తినరు. మీ డిపార్ట్‌మెంట్ల ఇద్దరూ ఉంటరు. పప్పుతో చేసిన మిసిర్ వత్, శనగపిండి షిరో, ఆకుకూర, వీటిని మాత్రం అందరూ ఒక్క పళ్లెంలో తినగలరు. నీ కోసం తెచ్చిన కూర అందరినీ ఒక్కదగ్గర కూర్చోబెడ్తది.

నువ్వు కూడా ఏదన్నా తీసుకపో. మీ అమ్మ కట్టించిన సకినాలు ఉన్నయి కదా, బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె తప్ప వాటిల ఏముంది? అందరికీ నడుస్తయి. నెయ్యి పోసినవి వద్దు.

కూర్చున్నంక చేతుల మీద నీళ్లు పోస్తరు. పెద్ద పళ్లెం నిండా ఇంజెరా పరుస్తరు. టెఫ్ అనే సన్నటి గింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి పోసిన మెత్తని అట్టు అది. దాని మీదనే కూరలు. కుడిచేత్తో నీ ముందున్న దిక్కు నుంచి తుంచుకో. కొంతసేపటికి పక్కనున్నావిడ ఒక ముద్ద చుట్టి నీ నోటికి అందిస్తది. అది గుర్షా. నువ్వంటే ఇష్టమని, నువ్వు మాదానివని చెప్పే పద్ధతి. మగవాళ్ల చేతి ముద్ద ఇబ్బందనిపిస్తే ఆడవాళ్ల మధ్యల కూర్చో, అంతేగానీ ముఖం తిప్పుకోకు.

ఈ మాట ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే, మనకు ఎంగిలి పట్టింపు ఉన్నది. దాని వెనుక ఏమున్నదో నీకు తెలుసు. మన పల్లెల హోటళ్లల్ల కొందరికి వేరే గ్లాసులు పెట్టిన రోజులు నేను కండ్లార చూసిన. మా కాలంల మన దిక్కు నుంచే వచ్చిన ఒకాయన గుట్టకు కూడా తన డబ్బా తెచ్చుకొని, దూరంగ కూర్చొని తినేటోడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మెల్లగ పిలుచుడు మానేసిండ్రు. ఆయన పాఠం బాగ చెప్తడని పేరున్నా ఆ దేశంల ఒక్క దోస్తు లేకుండనే తిరిగొచ్చిండు. నీకట్ల కావొద్దు. ఏం తినవో ముందే చెప్పుకొనే హక్కు నీకున్నది. ఎవరి చెయ్యి అనే లెక్క మాత్రం ఆ గుట్ట మీదికి మోసుకపోకు.

దిగినంక ఎవరింట్లనన్నా కాఫీ పెడితే తొందరపడకు. గింజలు వేయించి, దంచి, మూడు విడతలు పోస్తరు. మూడోది తాగకుండ లేస్తే బాగుండదు.

సిమియెన్ పర్వతాలకు పోదామని ఎవరన్నా అంటే ఇప్పుడే ఒప్పుకోకు. అవి ఉన్న అమ్హారా దిక్కు 2023 నుంచి కొట్లాట నడుస్తున్నది. ఆ దారుల సంగతి అక్కడివాళ్లు సరేనన్నంకనే ఆలోచించు.

తర్వాత వాళ్లను నీ ఇంటికి పిలువు. బుధవారమో శుక్రవారమో అయితే పప్పుచారు, వంకాయ కూర, పులిహోర చెయ్యి. తాలింపు నూనెతోనే పెట్టు, పెరుగు బల్ల మీద పెట్టకు. కారం తగ్గించాల్సిన పని లేదు, వాళ్లు కూడా బాగనే తింటరు.

మీ పెదనాయిన