పాడ్‌కాస్ట్ టీవీకి క్యాస్ట్ అవ్వట్లేదా? రీసెట్ కొట్టే ముందు ఐపీ అడ్రస్ చూడండి

మా జేజికి చూపు తగ్గింది. సీరియళ్లు మానేసి రోజూ రాత్రి తెలుగు కథల పాడ్‌కాస్ట్ వింటుంది. ఫోన్ స్పీకర్ ఆమె చెవులకు చాలదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోదు. అందుకే ముదిగుబ్బలో మా ఇంటి టీవీకి క్రోమ్‌కాస్ట్ విత్ గూగుల్ టీవీ తగిలించి, అమ్మ ఫోన్‌లో పాకెట్ కాస్ట్స్ నుంచి క్యాస్ట్ చేసేలా సెట్ చేశాను. ఒక నెల బాగానే నడిచింది. ఆ తర్వాత కరెంటు పోయి వచ్చిన రోజుల్లో ఫోన్‌లో క్యాస్ట్ బటన్ మాయమయ్యేది. "ఏం నాయనా, ఈపొద్దు కూడా కథ రాదా?" అని జేజి అడిగితే, బీటెక్ చదివిన నాకు తల తీసేసినట్టయ్యేది.

ముందు ఒక విషయం. క్యాస్ట్ చేస్తే ఫోన్ ఆడియోను టీవీకి పంపుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఫోన్ పంపేది ఎపిసోడ్ లింక్ మాత్రమే. ఆ లింక్ పట్టుకుని ఆడియోను ఇంటర్నెట్ నుంచి క్రోమ్‌కాస్టే తెచ్చుకుంటుంది. నమ్మకం లేకపోతే కథ మొదలయ్యాక ఫోన్ వైఫై ఆపేసి చూడండి, టీవీలో కథ సాగుతూనే ఉంటుంది.

అంటే చెడిపోయే చోట్లు రెండు. ఫోన్‌కు క్రోమ్‌కాస్ట్ కనిపించకపోతే గొడవ ఇంట్లోనే ఉంది. కనిపించి, కనెక్ట్ అయ్యి, లోడింగ్ దగ్గర తిరుగుతూ ఉంటే గొడవ ఇంటర్నెట్ వైపు.

మాది మొదటి రకం. మా ఇంటివి రాతి గోడలు, వైఫై వెనక గదికి చేరదు. అందుకని నేనే పాత రౌటర్ ఒకటి వెనక పెట్టి, రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాను. ఆ తెలివే కొంప ముంచింది! పేరు ఒకటే కానీ నెట్‌వర్క్‌లు రెండు. ఫోన్ క్రోమ్‌కాస్ట్‌ను వెతికేది మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ అనే పద్ధతిలో. "ఇక్కడ క్యాస్ట్ పరికరం ఏదైనా ఉందా?" అని నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా కేక వేయడం లాంటిది. ఆ కేక రౌటర్ దాటి అవతలి నెట్‌వర్క్‌కు పోదు. కరెంటు వచ్చాక ఏ రౌటర్ ముందు లేస్తే క్రోమ్‌కాస్ట్ దాన్నే పట్టుకునేది. అమ్మ ఫోనేమో ఇంకోదానిలో ఉండేది.

కనుక్కోవడం సులభం. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కి వివరాల్లో ఐపీ అడ్రస్ చూడండి. టీవీలో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి అక్కడా చూడండి. మా ఫోన్‌లో 192.168.0 తో, టీవీలో 192.168.1 తో మొదలైంది. ఇళ్లలో మామూలుగా మొదటి మూడు అంకెలూ కలవాలి.

వెనక రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే సరిపోతుంది. మా పాతదాంట్లో ఆ మోడ్ లేదు. దాని డీహెచ్‌సీపీ ఆపేసి, దానికి మెయిన్ రౌటర్ వరసలోనే ఎవరూ వాడని ఐపీ ఇచ్చి, కేబుల్‌ను వ్యాన్ పోర్ట్ నుంచి తీసి ల్యాన్ పోర్ట్‌లో పెట్టాను. పది నిమిషాల పని, దానికి నేను మూడు వారాలు తిరిగాను.

రౌటర్ ఒకటే ఉన్నా కనిపించకపోతే ఫోన్‌లో వీపీఎన్ ఆపండి. గెస్ట్ వైఫైలో ఉన్నారేమో, రౌటర్‌లో ఏపీ ఐసోలేషన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఐఫోన్ అయితే ఆ యాప్‌కు లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ ఇవ్వాలి. ఫైర్ టీవీ స్టిక్ వాళ్లు ఇక్కడ వెతక్కండి, అందులో గూగుల్ క్యాస్ట్ ఉండదు.

ఇక రెండో రకం. ఎపిసోడ్ డౌన్‌లోడ్ చేసుకున్నాం కదా, నెట్ లేకున్నా టీవీలో వస్తుందనుకోవద్దు. క్రోమ్‌కాస్ట్ మళ్లీ సర్వర్‌కే వెళ్తుంది. ఇంకో పాడ్‌కాస్ట్ పెట్టి చూడండి. అది వస్తే మొదటిదాని లింక్‌లోనే తేడా.

ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం చివరికి వదిలేయండి. 2025 మార్చి 9న ప్రపంచమంతా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. వాటిలోని పదేళ్ల సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు ఆ రోజు ముగిసింది. ఊరుకున్నవాళ్లకు కొన్ని రోజుల్లో అప్‌డేట్ వచ్చి సరైంది. తొందరపడి రీసెట్ కొట్టినవాళ్లు మళ్లీ సెటప్ చేసుకోలేక ఇంకా ఆగాల్సి వచ్చింది.

మా ఇంట్లో ఇప్పుడు కరెంటు వచ్చాక రౌటర్ లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ లోపల జేజి నిన్నటి కథ ఎక్కడ ఆగిందో అమ్మకు చెప్తూ ఉంటుంది.