నెట్ పరీక్ష: అర్హత వేరు, ఉద్యోగం వేరు

కిందటి సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్న అరుగు మీద కూర్చుని ఒక ప్రశ్న వేశాడు: "ఒరేయ్, పెద్దాడు నెట్టు పాసయ్యాడు గదా, ఇంకా వుద్యోగం రాలేదంటాడేమిటి? పాసయింది నిజమేనా?"

పెద్దాడంటే మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య. మా వూళ్ళో మొట్టమొదట ఎమ్మెస్సీ చదివినవాడు. రెండేళ్ళ క్రితం నెట్ పాసయినప్పుడు పెదనాన్న వీధంతా లడ్డూలు పంచాడు. ఆ అన్నయ్య యిప్పుడొక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాడు. సెలవులొస్తే ఆ నెల జీతం లేనట్టే. నాన్న ప్రశ్నకు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో వున్నాను, ఎమ్మెస్సీకి వెళ్ళాలా, బీఎడ్డు చేసి టీచరు పోస్టుకు ప్రయత్నించాలా అని నాలో నేనే తేల్చుకోలేకుండా వున్నాను. అందుకని హాస్టలుకు తిరిగొచ్చాక సీనియర్లనూ, మా లెక్చరర్లనూ అడిగి, నోటిఫికేషన్లు దగ్గర పెట్టుకుని చదివాను. అలా తెలుసుకున్నదే యీ వ్యాసం. మనలో చాలామందికి నెట్ అనే మాట తెలుసు. అది యేమిస్తుందో, యేమివ్వదో తెలిసినవాళ్ళు తక్కువ.

నెట్ అంటే జాతీయ అర్హత పరీక్ష. ఒకప్పుడు ఎమ్మేలోనో ఎమ్మెస్సీలోనో మంచి మార్కులుంటే కాలేజీ లెక్చరరు పోస్టుకు అది చాలేది. అయితే ఒక విశ్వవిద్యాలయంలో వచ్చే అరవై శాతం, మరొక విశ్వవిద్యాలయంలో వచ్చే అరవై శాతం ఒకటి కావు గదా! దేశమంతటికీ ఒకే కొలమానం వుండాలన్న ఆలోచన బలపడి, 1988లో కేంద్ర ప్రభుత్వం ఆ బాధ్యతను యూనివర్సిటీ గ్రాంట్సు కమిషన్‌కు అప్పగించింది. మొదటి పరీక్ష 1989 డిసెంబరులోనూ, 1990 మార్చిలోనూ రెండు విడతలుగా జరిగింది. సాహిత్యం, చరిత్ర, కామర్సు వంటి సబ్జెక్టులకు యూజీసీ నెట్ వున్నది. మన తెలుగు కూడా అందులో ఒక సబ్జెక్టే, దాని కోడు నంబరు 27. సైన్సు వాళ్ళకు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి, అంటే సీఎస్ఐఆర్, యూజీసీ కలిసి పెట్టే పరీక్ష వేరుగా వున్నది. అందులో సబ్జెక్టులు అయిదే: రసాయన శాస్త్రం, భూ వాతావరణ సముద్ర గ్రహ శాస్త్రాలు, జీవశాస్త్రాలు, గణితం, భౌతికశాస్త్రం. 2018 డిసెంబరు నుంచి యూజీసీ నెట్‌ను నిర్వహిస్తున్న నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీయే దీన్ని కూడా నడుపుతోంది. మామూలుగా యేటా రెండుసార్లు, జూన్ విడత, డిసెంబరు విడత అంటారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల దారి వేరు, అక్కడి పోస్టులకు వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక బోర్డు వేరే నెట్ జరుపుతుంది. "రైతు బిడ్డవు, వ్యవసాయం బీయెస్సీ చదవకపోయావా" అని అడిగేవాళ్ళు నాకు చాలామంది వున్నారు. సీటు రాలేదు, అంతే.

ఇక అసలు విషయం. నెట్ రాసినవాళ్ళంతా ఒకే వరుసలో పాసవరు. 2024 జూన్ విడత నుంచి ఫలితాలు మూడు రకాలుగా ఇస్తున్నారు. అన్నిటికంటే పైన వున్నవాళ్ళకు జూనియర్ రీసెర్చి ఫెలోషిప్, దానితోపాటు అసిస్టెంట్ ప్రొఫెసరు అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత కూడా. రెండో వరుస వాళ్ళకు అసిస్టెంట్ ప్రొఫెసరు అర్హతా, పీహెచ్‌డీ ప్రవేశ అర్హతా. మూడో వరుస వాళ్ళకు పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. రెండు, మూడు వరుసల వారి మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఒక్క సంవత్సరమే చెల్లుతాయి. అక్కడ కూడా నెట్ మార్కుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ.

మా అన్నయ్యకు ఫెలోషిప్ రాలేదు, లెక్చరరు అర్హత మాత్రమే వచ్చింది. పెదనాన్న పంచిన లడ్డూలు అర్హతకు. వూరివాళ్ళు అనుకున్నది ఉద్యోగమని. అర్హత వుంటే ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టుకునే హక్కు వస్తుంది. ప్రకటన రావాలి, పోస్టు వుండాలి, ఆ తరువాత ఇంటర్వ్యూనో పబ్లిక్ సర్వీసు కమిషన్ పరీక్షో దాటాలి. పట్టాదారు పాసుపుస్తకం చేతికొచ్చినంత మాత్రాన పంట యింటికి రాదు గదా అని నాన్నకు చెబితే ఆయనకు వెంటనే అర్థమైంది. నేను చదివిన నోటిఫికేషన్లన్నిటికంటే ఆ ఒక్క మాటే బాగా పనిచేసింది.

పీహెచ్‌డీ విషయంలో కూడా ఒక తికమక వున్నది. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసరుకు పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018 నిబంధనల్లో రాశారు. 2021 జులై నుంచి అమలు కావలసింది 2023 దాకా వాయిదా పడింది. చివరకు 2023 జులై 1 నుంచి నెట్టుగానీ, రాష్ట్ర స్థాయి సెట్టుగానీ కనీస అర్హతగా చాలుననీ, పీహెచ్‌డీ ఐచ్ఛికమనీ యూజీసీ సవరించింది. కాగితం మీద సంగతి యిది. ఇంటర్వ్యూలో పక్క కుర్చీలో పీహెచ్‌డీ పట్టా వున్నవాడు కూర్చుంటాడన్నది వేరే సంగతి.

రాష్ట్ర స్థాయి పరీక్షను మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు. అది తప్పని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లో సెట్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయమూ, తెలంగాణలో ఉస్మానియా విశ్వవిద్యాలయమూ నిర్వహిస్తాయి. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. అర్హత ఆ రాష్ట్రానికే పరిమితం, ఫెలోషిప్ రాదు. కానీ మన రాష్ట్రంలోనే డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాలనుకునేవాడికి అంతకంటే యేం కావాలి? ఇంటర్మీడియట్ జూనియర్ లెక్చరరు పోస్టుకయితే నెట్టూ సెట్టూ అడగరు, పీజీ చాలు.

ఇప్పుడు డబ్బు మాట. చదువు గురించి రాసేటప్పుడు డబ్బు మాట యెత్తడం కొందరికి నచ్చదు. మా వంటి యిళ్ళలో ముందు వచ్చేది అదే. జేఆర్‌ఎఫ్‌కు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళూ నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత సీనియర్ ఫెలోగా 42,000, ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. మొత్తం అయిదేళ్ళ వరకు వస్తుంది. 37,000 చొప్పున యేడాదికి 4,44,000. మాకు రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. మిర్చి మంచి ధర పలికిన యేడు కూడా కౌలూ, పురుగుమందులూ, కోత కూలీ పోగా అంత మిగలదు. పరిశోధన అంటే యింటి దగ్గర్నుంచి డబ్బు తెప్పించుకుని చేసేదని నాన్న అనుకుంటున్నాడు. చదువుతూ వుండగానే యింటికి నాలుగు డబ్బులు పంపే దారి వున్నదని చెబితే ఆయన రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. అయితే ఒక షరతు: పాసైన రోజునుంచి డబ్బు రాదు. ఏదైనా విశ్వవిద్యాలయంలోనో, పరిశోధనాలయంలోనో గైడు దొరికి, పీహెచ్‌డీలో చేరిన తరువాతే మొదలవుతుంది. హైదరాబాదులో సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి సీఎస్ఐఆర్ సంస్థలే వున్నాయి. దూరం పోనవసరం లేదు. ఫెలోషిప్‌కు వయసు పరిమితి వున్నది, లెక్చరరు అర్హతకు లేదు.

మూడేళ్ళ డిగ్రీతో యీ పరీక్ష రాయడానికి వీల్లేదు. ఎమ్మెస్సీ కావాలి, జనరల్ కేటగిరీ వారికి 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీ విద్యార్థులకూ దివ్యాంగులకూ 50 చాలు. ఎమ్మెస్సీ చదువుతూ కూడా రాయవచ్చు. మరి డిగ్రీ పిల్లలం మనకిప్పుడు యెందుకీ గొడవ అంటారేమో. అక్కడికే వస్తున్నాను.

మా గణితం పేపరు సంగతే తీసుకోండి. మూడు గంటలు, 200 మార్కులు, మూడు భాగాలు. మొదటి భాగం అందరికీ ఒకటే: 20 ప్రశ్నలిస్తారు, 15 రాయాలి, ఒక్కోటి 2 మార్కులు. మామూలు తెలివి, లెక్క, బొమ్మలు, గ్రాఫులు. ఒక మోటారు చేనుకు నీళ్ళు పెట్టడానికి 6 గంటలు, రెండోది 3 గంటలు తీసుకుంటే రెండూ కలిసి యెంతసేపు? నాలుగున్నర అన్నవాళ్ళు మా రూములోనే వున్నారు. ఒక్క మోటారే 3 గంటల్లో ముగిస్తుంటే రెండో మోటారు కలిసొచ్చాక యెక్కువసేపు యెలా పడుతుంది? జవాబు 2 గంటలు. ఈ భాగంలో తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. నాలుగింటిలో కళ్ళు మూసుకుని ఒకటి పెడితే సగటున వచ్చేది ఎనిమిదింట ఒక వంతు మార్కు, అంటే పదహారు ప్రశ్నలు గుడ్డిగా పెడితే రెండు మార్కులు. ఒక తప్పును తీసేయగలిగితే మాత్రం సగటు మూడింట ఒక వంతు మార్కుకు పెరుగుతుంది. పదిహేనుకు మించి రాస్తే మొదటి పదిహేనే దిద్దుతారు.

మూడో భాగం వేరే లోకం. గణితంలో అక్కడ 60 ప్రశ్నలిచ్చి 20 రాయమంటారు, ఒక్కోటి 4.75 మార్కులు. మార్కు కోత లేదు. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి సరి కావచ్చు, రెండు కావచ్చు, నాలుగూ కావచ్చు. సరైనవన్నీ గుర్తించి, తప్పుదాన్ని ఒక్కటి కూడా ముట్టకపోతేనే మార్కులు. గుడ్డిగా పెట్టేవాడికి పదిహేనింట ఒక అవకాశం.

మనం రెండో యేడు యూనిఫాం కంటిన్యుయిటీ చదివాం. పరీక్షలో యేమడిగారు? నిర్వచనం రాయుము, సిద్ధాంతం నిరూపించుము. అందరం రాశాం, అందరికీ మార్కులొచ్చాయి. అదే విషయాన్ని నెట్ ధోరణిలో అడిగితే యిలా వుంటుంది: వాస్తవ సంఖ్యారేఖ మొత్తం మీద వీటిలో యేవి యూనిఫాంగా కంటిన్యువస్? ఎక్స్ స్క్వేర్, సైన్ ఎక్స్, సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్, మాడ్ ఎక్స్. సరైనవి రెండు: సైన్ ఎక్స్, మాడ్ ఎక్స్. మా రూములో నలుగురం కూర్చుని చేస్తే ముగ్గురం సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ కూడా పెట్టాం. అది ఒకటికీ మైనస్ ఒకటికీ మధ్యే వుంటుంది, హద్దు దాటదు, ఇంక భయమేమిటి అనుకున్నాం. హద్దు దాటకపోవడం కాదు చూడవలసింది. దూరం పోయిన కొద్దీ ఆ అల త్వరత్వరగా పైకీ కిందకీ వూగుతుంది. ఎంత చిన్న దూరం తీసుకున్నా, తగినంత ముందుకు పోతే ఆ దూరంలోనే అది పైనుంచి కిందకు దిగిపోతుంది. నిర్వచనంలో డెల్టా అన్ని చోట్లా ఒకటే వుండాలి అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. రెండో యేడు ఆ వాక్యం నేను తప్పు లేకుండా రాశాను, పదికి పది వచ్చాయి.

నెట్‌లో అడిగే గణితంలో పెద్ద భాగానికి పునాది మన డిగ్రీ పుస్తకాల్లోనే వున్నది. రియల్ ఎనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, గ్రూపులు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. వాటిని రేపటి పరీక్షకు మాత్రమే చదివితే ఎమ్మెస్సీలో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఇంకొక యిబ్బంది భాష. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ వుంటుంది, తెలుగులో వుండదు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. నాకు లెక్కకంటే ముందు లెక్కలోని వాక్యం అడ్డుపడుతుంది. ఇది మన తెలివికి సంబంధించిన లోపం కాదు, వాడుకకు సంబంధించింది. పాత ప్రశ్నపత్రాలు రోజుకు నాలుగు ప్రశ్నల చొప్పున గట్టిగా చదువుకుంటే ఆ వాక్యాల తీరు అలవాటవుతోంది. లైబ్రరీలో యీ పాత పేపర్లు ఒక ఫైలుగా పెట్టించమని యూనియన్ నాయకులను యీ సంచిక ముఖంగా కోరుతున్నాను.

పరీక్ష నడిచే తీరు మీద నమ్మకం గురించి కూడా చెప్పాలి. 2024 జూన్ 18న తొమ్మిది లక్షల మందికి పైగా రాసిన యూజీసీ నెట్ మరునాడే రద్దయింది. ఆగస్టు 21 నుంచి మళ్ళీ పెట్టారు. జూన్ 25న మొదలు కావలసిన సైన్సు నెట్ కూడా వాయిదా పడి జులై 25 నుంచి 27 వరకు జరిగింది. పల్లెనుంచి పట్నానికి బస్సెక్కి వచ్చి పరీక్ష రాసి వెళ్ళిన వాళ్ళకు ఆ రద్దు ఖరీదు యెంతో లెక్క వేసేవాళ్ళు లేరు.

మొన్న నాన్నకు ఫోన్లో యిదంతా చెప్పాను. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెడతానన్నాను. ఆయన కాసేపు వూరుకుని, "నెట్టు యెన్నిసార్లు రాద్దామనుకుంటున్నావురా?" అన్నాడు. రెండుసార్లన్నాను. "మూడు అనుకో," అన్నాడు. అన్నయ్యను కూడా ఫెలోషిప్‌కు మళ్ళీ రాయమని చెప్పమన్నాడు. వయసు పరిమితి దాటలేదు గదా అని అడిగితే, దాటలేదన్నాను.