మెట్ల దగ్గర పలక కిర్రుమంటే

తార్నాకలో ఇంటి నేలంటే గ్రానైటో, టైల్సో. చెక్క పలకలు కనిపిస్తే ఏ పాత బంగళాలోనో, డూప్లెక్స్ ఇంట్లో మెట్ల చుట్టూనో. పక్కనున్న ఉస్మానియాలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం గ్రానైట్‌ది, దానికి చెదల బెంగ లేదు. ఇంట్లో చెక్కకు ఆ భాగ్యం ఏదీ?

అందులోనూ మెట్ల దగ్గర పలకలే ముందు పాడవుతాయి. ఇంటిల్లిపాదీ అడుగులూ అక్కడే పడతాయి. తడిగుడ్డతో తుడిచిన నీళ్లు మూలకే చేరతాయి. మెట్ల కింద గాలాడని చోట పాత పేపర్లూ అట్టపెట్టెలూ కుక్కేస్తాం. చెదలకు ఇంకేం కావాలి!

పలక కిర్రుమనగానే మనకు తోచేది పైన కార్పెట్ పరవడం. మంచి వడ్రంగి అలా చెయ్యడు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి వింటాడు. బోలుగా మోగితే లోపల తినేసినట్టే. మట్టి గీతలుంటే చెద, సన్నటి పిండి రాలితే పుచ్చు పురుగు. పలక లేపి కింద మోసే దూలం చూస్తాడు, తడి ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుకుతాడు. దూలం మెత్తబడితే పైన ఎంత ఖరీదైన టేకు వేసినా దండగే.

పరీక్షల్లోనూ ఇదే తంతు. గ్రూప్స్ పరీక్ష రెండుసార్లు పోయిన కుర్రాళ్లను క్యాంపస్ చుట్టుపక్కల చాలామందిని చూశాను. కొత్త కోచింగ్ సెంటర్ వెతుకుతారు, కొత్త పుస్తకాలు కొంటారు. ఏ పేపర్లో, ఏ పాఠంలో మార్కులు పోయాయో కూర్చుని చూసేవాళ్లు తక్కువ. చూస్తే బాధేస్తుంది, అందుకే చూడరు. ఇదీ కార్పెట్ పరవడమే.

వడ్రంగి అసలు పనితనం మెట్ల పక్క స్తంభం చుట్టూ పలక అమర్చేటప్పుడు బయటపడుతుంది. ముందు అట్టముక్క కత్తిరించి ఆనించి చూస్తాడు, సరిచేస్తాడు, మళ్లీ ఆనిస్తాడు. కుదిరాక ఆ అచ్చుతో చెక్క మీద గీసి, గీతకు కాస్త బయటగా రంపం పెడతాడు. మిగిలింది ఉలితో. తప్పులన్నీ అట్ట మీదే చేసేస్తాడు కాబట్టి టేకు పాడవదు. మోడల్ పరీక్షలు రాయడానికి జంకేవాళ్లు ఈ పని ఒక్కసారి చూడాలి.

కొత్త పలకలు తెచ్చిన రోజే బిగించకండి. కొన్నాళ్లు ఆ గదిలోనే ఉంచండి, తేమను బట్టి చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. గోడ వైపు సన్నటి ఖాళీ వదలండి. మేకుల కంటే మరలు మేలు, రేపు విప్పి చూడొచ్చు.

ఈ ఆదివారం మెట్ల కింద సామాను బయటపెట్టి తట్టి చూడండి. గట్టిగా మోగితే ఆ పలక జోలికి పోకండి. బోలుగా మోగితే వడ్రంగిని పిలవండి.